అమ్మమ్మ అడిగిన ఒక్క ప్రశ్న... నా హీరో విలనైపోయాడు!

"ఏట్రా అబ్బాయ్, ఆ కొండమీద దీపం ఎక్కడిది?"

అంతే! ఈ ఒక్క డైలాగుతో నా డిటెక్టివ్ నవల ఢామ్మని కూలిపోయింది. నూట నలభై పేజీలు... ఆర్నెల్ల కష్టం... లెక్కలేనన్ని కప్పుల కాఫీ... అన్నీ కట్టగట్టుకుని డాల్ఫిన్స్ నోస్ కొండమీంచి సముద్రంలోకి దూకేశాయి.

అడిగింది పేరున్న విమర్శకుడూ కాదు, పబ్లిషరూ కాదు. తొంభై దాటిన మా అమ్మమ్మ. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు. అందుకని సాయంత్రాలు పక్కన కూచుని నా నవల నేనే చదివి వినిపిస్తున్నాను. ఆ రోజు చదివింది నాకు బాగా ఇష్టమైన ఘట్టం. 1942లో జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిన రాత్రి, నా హీరో కుటుంబంతో సహా బండెక్కి వూరు వదిలిపోతూ వెనక్కి తిరిగి చూస్తాడు. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ దీపం గిర్రున తిరిగి వాళ్ళ డాబా మీద ఒక్క క్షణం వెలుగు చిమ్ముతుంది. ఆహా! సినిమాలో అయితే ఇక్కడ వీణ మోగాలి.

గొంతు మార్చి, కాస్త నటించి మరీ చదివాను. చప్పట్లు వస్తాయనుకున్నాను. ప్రశ్న వచ్చింది!

"దీపవేటి? ఆ రోజుల్లో వీధి దీపాలే ఆర్పీసేవారు. అగ్గిపుల్ల గీస్తే పక్కింటోళ్ళు కసిరీవోరు. కొండమీద దీపం ఎట్టి జపానోడికి దారి చూపిస్తారేట్రా?"

మర్నాడే పరుగెత్తి పాత పుస్తకాలు తిరగేశాను. అమ్మమ్మ గెలిచింది. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ కట్టింది 1957లో! సినిమా భాషలో చెప్పాలంటే, 'మాయాబజార్' విడుదలైన సంవత్సరం. అంటే 1942లో ఆ దీపం చూశానని నా హీరో చెప్పడమూ, 1942లో 'మాయాబజార్' ఫస్ట్ షో చూశానని చెప్పడమూ ఒకటే!

ఈ అవమానం నుంచి నేనెలా బయటపడ్డానో, వూరి చరిత్రతో ఆడుకోబోయి ఏమేం నేర్చుకున్నానో మీకు చెప్తాను. డిటెక్టివ్ కథ రాయాలనీ, సస్పెన్సు చిత్రం తీయాలనీ కలలు కనేవాళ్ళు మీలో చాలామంది వుంటారు. నేను పడిన గోతిలో మీరు పడకూడదు కదా!

నెత్తురు తక్కువ, కాఫీ ఎక్కువ

నేను రాస్తున్నది 'కోజీ మిస్టరీ' అనే రకం. కంగారు పడకండి, పేరే కొత్త. తుపాకుల మోతలుండవు, తలలు తెగిపడవు. ఒక చిన్న వూరో, ఒక పేటో వుంటుంది. అక్కడ అందరికీ అందరూ తెలుసు. ఓ తప్పు జరుగుతుంది. పోలీసులకంటే ముందు ఆ వీధిలో వుండే ఓ మామూలు మనిషి, పంతులమ్మో పోస్టుమేష్టారో, కూపీ లాగుతారు. ఇంగ్లండులో అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ అలాంటి మనిషే. 1930లో మొదటిసారి నవలకెక్కిన ఈ ముసలావిడ స్వెట్టరు అల్లుకుంటూనే హంతకుల్ని పట్టేస్తుంది.

మనకి డిటెక్టివ్‌లు కొత్తా? కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నీ, అసిస్టెంటు రాజునీ మన తాతయ్యలు దిండు కింద దాచుకుని చదివారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన 'చంటబ్బాయ్' గుర్తుంది కదా! చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావుగా నవ్వించి నవ్వించి చంపాడు. మొన్న 2019లో నెల్లూరు నేపథ్యంగా వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' చూసి అదే వరసలో నవ్వుకున్నాం. విశాఖ మీద కూడా క్రైం సినిమాలు రాకపోలేదు. 2022లో అడివి శేష్ 'హిట్-2' ఇక్కడి కథే. కానీ అది గుండె దిటవున్నవాళ్ళకి! అమ్మమ్మ పక్కన కూచుని చదివే కథ కాదు.

అన్నట్టు ఒక ముచ్చట. సినిమా పాటల ఆరుద్ర గారు 1925లో ఈ విశాఖలోనే పుట్టారు. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' అంటూ తెలుగు సాహిత్య చరిత్రని సంపుటాలకి సంపుటాలు రాసిన ఆయనే డిటెక్టివ్ కథలూ రాశారు! ఆలోచిస్తే ఆశ్చర్యమేముంది? చరిత్రకారుడూ డిటెక్టివే. ఇద్దరూ చేసేది ఒకటే పని: జరిగిపోయినదాన్ని చిన్న చిన్న ఆనవాళ్ళ మీంచి తిరిగి కట్టడం. ఒకరు దోషిని పట్టిస్తారు, ఇంకొకరు పరీక్షలో మనల్ని పట్టిస్తారు. అంతే తేడా!

కెమెరా తిరగని విశాఖ

సినిమావాళ్ళకి వైజాగంటే బీచ్. 1978లో బాలచందర్ 'మరోచరిత్ర'లో కమల్‌హాసన్, సరిత పరుగెత్తిన ఇసుక. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' తీసిన రోడ్లు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా నాన్నగారు స్టీల్‌ప్లాంటులో వుద్యోగం. నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. ఒకేలాంటి ఇళ్ళు, తిన్నని రోడ్లు. అమ్మమ్మగారిల్లు మాత్రం పాత వూళ్ళో, కురుపాం మార్కెట్ దగ్గర. సెలవులకి వెళ్ళేవాణ్ణి, ఆడుకునేవాణ్ణి, వచ్చేసేవాణ్ణి. ఒక్కనాడూ ఆ వీధుల్ని చూడలేదు.

నవల రాయాలనుకున్నాక ఒక ఆదివారం తెల్లవారుజామునే లేచి పాత వూళ్ళో నడిచాను. అదొక పెద్ద సెట్టింగులా కనిపించింది. విక్టోరియా రాణి విగ్రహం. సముద్రం పక్క పాత యూరోపియన్ల సమాధులు. పోర్టు మీదికి చూస్తూ పక్కపక్కనే మూడు గుట్టలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి వున్న గుట్టకి రాస్ హిల్ అని పేరు. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఆ ఇల్లే చర్చి అయింది.

మామూలు మనిషికి అవి మూడు గుట్టలు. డిటెక్టివ్ రచయితకి మూడు గడియారాలు! గుడి గంట, ఆజా, చర్చి గంట. "సరిగ్గా ఎన్నింటికి చూశావు?" అని అడిగితే ఈ పేటలో ఏ సాక్షీ చేతి గడియారం చూడక్కర్లేదు. అబద్ధం చెప్పేవాడు గంటలు కలిపేసుకుంటాడు. దొరికిపోతాడు!

గడియారమంటే గుర్తొచ్చింది. డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టించారు. సినిమా నక్షత్రాలు కావు, ఆకాశంలోవి! ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యారు. ఇలాంటి మనిషిని పాత్రగా ఎవరైనా కల్పిస్తే "మరీ సినిమాటిక్‌గా వుంది" అంటాం. చరిత్రకి ఆ భయం లేదు.

తారీఖుల గోతులు

ఇంతకీ నా కథేమిటో చెప్పలేదు కదూ! 1966 వేసవి. పాత వూళ్ళో తాళం వేసిన ఓ మేడ. 1942లో బాంబుల భయంతో పారిపోయిన ఆ ఇంటివాళ్ళు తిరిగి రాలేదు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఓ యువకుడు రైలు దిగి "ఆ ఇంటి వారసుణ్ణి నేనే" అంటాడు. అదే పేటలో వుండే దూరపు బంధువు "వీడు దొంగ" అంటాడు. ఎవరు నిజం? తేల్చేది వీధి చివర వుండే రిటైరైన పంతులమ్మ.

మొదటి రాతలో ఆ యువకుడే హీరో. వాడు నిజమైన వారసుడనడానికి పెద్ద సాక్ష్యం ఏమిటంటే, ఆ రాత్రి వాడు చూసిన దీపం! ఇంకేం, అమ్మమ్మ వుఫ్ మని వూదేసింది.

దీపం ఆరాక మిగతావన్నీ బయటపడ్డాయి. హీరో 'విశాఖపట్నం' స్టేషన్లో దిగాడని రాశాను. తప్పు! ఆ స్టేషను పేరు 1987 దాకా వాల్తేరు. రిక్షావాడు "జగదాంబ జంక్షనా బాబూ?" అని అడిగాడని రాశాను. ఇంకా పెద్ద తప్పు! ఆ కూడలికి పేరు తెచ్చిన జగదాంబ సినిమాహాలు వచ్చింది 1970లో. 1966 రిక్షావాడికి ఆ పేరెలా తెలుస్తుంది? సినిమా పిచ్చి వున్న నేనే సినిమాహాలు విషయంలో బోల్తా పడ్డాను చూడండి!

మామూలు నవలలో ఇలాంటి తప్పుంటే ఎవరో ఒకాయన కార్డు ముక్క రాసి వూరుకుంటాడు. మిస్టరీలో అలా కుదరదు. అక్కడ పాఠకుడు ప్రతి వాక్యాన్నీ అనుమానిస్తాడు. అది వాడి హక్కు. రచయిత తప్పుని వాడు క్లూ అనుకుంటాడు. "స్టేషను పేరు తప్పు చెప్పాడు, వీడే దొంగ!" అని తేల్చేస్తాడు. అప్పుడు మనం "అబ్బే, అది నా పొరపాటండీ" అంటే పుస్తకం మన మొహాన విసిరేస్తాడు.

అప్పట్నుంచి గోడకి ఓ పెద్ద కాయితం అంటించాను. ఎడమపక్క సంవత్సరాలు, కుడిపక్క వూళ్ళో జరిగినవి. 1933: పోర్టు తెరిచారు, 'జలదుర్గ' ఓడ లోపలికొచ్చింది. 1941: సింధియా షిప్‌యార్డుకి బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. 1948 మార్చి 14: అక్కడ తయారైన 'జలవుష' ఓడని నెహ్రూ నీళ్ళలోకి దించారు. 1971 జనవరి 20: స్టీల్‌ప్లాంటుకి ఇందిరాగాంధీ శంకుస్థాపన. 1992 ఆగస్టు 1: ప్రధాని పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. ఏ పాత్ర నోరు విప్పినా ముందు ఆ గోడకేసి చూస్తాను. సినిమాలో కంటిన్యుటీ చూసే అసిస్టెంటు డైరెక్టరు వుంటాడే, ఆ వుద్యోగం నాకు నేనే ఇచ్చుకున్నాను. జీతం లేదు!

చరిత్ర చెప్పని చోటే కథ

తారీఖులు కట్టుకున్నాక ఇంకో సంగతి తెలిసింది. చరిత్ర చాలా చెప్తుంది గానీ అన్నీ చెప్పదు. అది నోరు మూసుకున్న చోటే మన కథకి తలుపు తెరుచుకుంటుంది.

ఉదాహరణకి, పోర్టు కట్టే రోజుల్లో అలల పోటు ఆపడానికి రెండు పాత ఓడల్ని తెచ్చి కావాలనే ముంచేశారు. వాటి పేర్లు జానస్, వెలెడన్. కావాలని ముంచిన ఓడలు! ఇది చదవగానే మీ బుర్రలో ఏం తిరిగింది? "అందులో ఎవరైనా ఏమైనా దాచారా?" అనే కదా! నాకూ అదే తిరిగింది. చరిత్ర ఓడల పేర్లు చెప్పింది. పెట్టె సంగతి మనం చెప్పుకోవాలి.

ఇంకా పెద్ద వుదాహరణ అందరికీ తెలిసిందే: ఘాజీ. 1971 డిసెంబరు 3-4 మధ్య రాత్రి పాకిస్తాన్ సబ్‌మెరీన్ 'ఘాజీ' మన విశాఖ తీరంలో మునిగిపోయింది. అందులో ఒక్కరూ మిగల్లేదు. విక్రాంత్ నౌకని వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ ఎక్కడో అండమాన్ దగ్గర భద్రంగా వుంటే, 'రాజ్‌పుత్' అనే చిన్న యుద్ధనౌక తానే విక్రాంత్‌లా నటించి దాన్ని ఇక్కడికి రప్పించింది. డబుల్ యాక్షన్ సినిమాలా లేదూ! ఎలా మునిగింది? రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల అని మనవాళ్ళంటారు. లోపల జరిగిన పేలుడు వల్లో, అది పెట్టిన మైను దానికే తగిలో అని పాకిస్తాన్ వాళ్ళంటారు. రెండు మాటలకీ మధ్య ఓ చీకటి ఖాళీ వుంది. సంకల్ప్ రెడ్డి ఆ ఖాళీలోకే వెళ్ళాడు. ముందు 'బ్లూ ఫిష్' అనే పుస్తకం రాశాడు, తర్వాత దాన్నే 2017లో 'ఘాజీ'గా తీశాడు. రానా హీరో. అందులో మన సబ్‌మెరీను ఒకటి ఘాజీతో తలపడుతుంది. అది కల్పన. కానీ చుట్టూ వున్న సముద్రం నిజం, తారీఖు నిజం. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది.

నిజం ఎక్కడ ఆగిందో తెలిసినవాడికే కల్పన ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుంది. నాకది తెలీకే దీపం వెలిగించేశాను.

అమ్మమ్మ రెండో ప్రశ్న

ఇప్పుడు కాస్త సిగ్గుపడే సంగతి.

మొదటి రాతలో నాకో శవం కావలసివచ్చింది. మిస్టరీ కదా! చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన ఓ మాట గుర్తుంది. వాళ్ళ పక్కింట్లో పోర్టులో మూటలు మోసే ఒకాయన వుండేవాడట. సాయంత్రం పని నుంచి వస్తూ పిల్లలకి వేయించిన శెనగలు తెచ్చేవాడట. 1942 ఏప్రిల్ 6, సోమవారం పనికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అంతే నాకు తెలుసు. ఆ 'అంతే'ని పట్టుకుని అల్లేశాను. శెనగలు తినే పోర్టు కూలీ, బాంబు వల్ల చనిపోయాడని అందరూ అనుకుంటారు, నిజానికి శెనగల్లో విషం! పైగా కామెడీ కూడా పెట్టాను. శవం జేబులోంచి శెనగలు రాలడం, కానిస్టేబులు ఒకటి నోట్లో వేసుకోబోవడం...

అది చదివిన రోజు అమ్మమ్మ ఏమీ అనలేదు. నవ్వనూ లేదు. చాలాసేపయ్యాక అడిగింది:

"ఆయన పేరు రాసేవేట్రా?"

"లేదమ్మమ్మా, పేరు లేదు."

"పేరు లేపోతే ఆయన కాకుండా పోతాడా? ఆ రోజు ఆళ్ళావిడ మా అరుగుమీదే కూచుంది. చీకటి పడ్డాదాకా కూచుంది. మేం బండెక్కి ఎల్లిపోతంటే కూడా కూచునే వుంది."

అమ్మమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. నిన్న ఏం తిన్నదీ ఈ మధ్య ఆవిడకి గుర్తుండటం లేదు. ఆ అరుగు మాత్రం గుర్తుంది.

ఆ రాత్రే ఆ అధ్యాయం తీసేశాను. మర్నాడు బీచ్‌రోడ్డులోని విశాఖ మ్యూజియానికి వెళ్ళాను. 1991లో పాత డచ్చి బంగళాలో పెట్టిన మ్యూజియం అది. అక్కడ ఆ జపాను బాంబు వుంది. ఎన్నోసార్లు చూశాను, పక్కన నిలబడి ఫోటో కూడా దిగాను. ఈసారి ఫోటో తీసుకోలేదు. 'ర్యూజో' అనే ఓడ మీంచి లేచిన విమానాలు ఆ రోజు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంతకు ముందురోజు కొలంబో. పుస్తకాల్లో ఇది ఓ పేరా. అరుగుమీద కూచున్నావిడకి అది జీవితం.

చమత్కారం చూడండి! తర్వాతి కాలంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఇదే పోర్టు నుంచి ఓడలకెత్తి జపానుకే పంపారు. దానికోసమే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి రైలుమార్గం వేశారు. వూళ్ళు మర్చిపోతాయి, మర్చిపోవాలి కూడా. కానీ నవల రాసేవాడు మర్చిపోతే ఎలా?

అప్పుడే నాకు నేను ఓ రూలు పెట్టుకున్నాను. వూరి చరిత్ర నుంచి వీధులు తీసుకుంటాను, తారీఖులు తీసుకుంటాను, వాన, ఎండ, రైలు టైము అన్నీ తీసుకుంటాను. నిజంగా పోయిన మనిషి చావుని మాత్రం తీసుకోను. నా నేరం నేనే కల్పించుకుంటాను.

ఈ రూలు వల్ల ఇంకోటి కూడా మార్చాను. ముందు నా నవల 1966 నవంబరులో ముగిసేది. మీకు తెలుసు, ఆ ఏడాది అక్టోబరు 15న టి. అమృతరావు గారు స్టీల్‌ప్లాంటు కోసం విశాఖలో నిరాహారదీక్ష మొదలెట్టారు. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా మోగింది. నవంబరు 1న ఇక్కడ కాల్పులు జరిగాయి. ఆ వుద్యమంలో రాష్ట్రం మొత్తమ్మీద 32 మంది ప్రాణాలు పోయాయంటారు. నేను ఆ కాల్పుల చప్పుడుని నా క్లైమాక్సుకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్కుగా వాడుకున్నాను! విలన్ పారిపోతుంటే వెనక ఢాం ఢాం... ఎంత గొప్ప ఐడియా అనుకున్నానో! మా నాన్న జీతం, నేను తిన్న అన్నం, చదివిన చదువు ఆ 32 మంది పెట్టిన భిక్ష. ఇప్పుడు నా నవల 1966 సెప్టెంబరు నెలాఖరున ముగుస్తుంది. పంతులమ్మ కాఫీ తాగుతూ వుంటే, వీధిలో కుర్రాళ్ళు కొందరు స్టీల్‌ప్లాంటు గురించి గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. అంతటితో ఆపేశాను. తర్వాతేం జరిగిందో తెలిసినవాళ్ళకి ఆ మాటలు చాలు.

తప్పే క్లూ అయింది!

అదలా వుంచండి. దీపం సంగతేమైంది?

వారం రోజులు బెంగతో తిరిగాను. సాక్ష్యం పోయింది. సాక్ష్యం లేనిదే హీరో వారసుడు కాడు. నవల మూసేద్దామనుకున్నాను. ఓ సాయంత్రం ఫిషింగ్ హార్బర్ దగ్గర నిలబడి డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తున్నాను. చీకటి పడింది. దీపం వెలిగింది, తిరిగింది. నేనెందుకు తప్పు చేశాను అని ఆలోచించాను. పుట్టినప్పట్నుంచీ ఆ దీపం చూస్తున్నాను గనక అది ఎప్పుడూ వుందనుకున్నాను. 1957 తర్వాత ఈ వూళ్ళో కళ్ళు తెరిచిన ఎవడైనా అలాగే అనుకుంటాడు...

ఎవడైనా!

అక్కడే, ఆ చేపల వాసనలో, గట్టిగా ఓ కేక పెట్టాను. వలలు సర్దుకుంటున్న పెద్దాయన "ఏటైంది బాబూ?" అన్నాడు కంగారుగా. ఏమైందా? నా హీరో విలనైపోయాడు!

చూడండి ఎంత సులువో! ఆ యువకుడు అసలు వారసుడు కాడు. మోసగాడు. 1966లో వూళ్ళోకి దిగి, నాలాగే వీధులన్నీ తిరిగి, ముసలివాళ్ళని కదిపి, పాత కథలన్నీ పోగుచేసుకున్నాడు. అచ్చం నాలాగే బాగా అల్లాడు. కథకి అందం కోసం, కళ్ళ ముందు కనిపిస్తున్న దీపాన్ని 1942లోకి లాక్కెళ్ళాడు. విన్నవాళ్ళందరూ కళ్ళొత్తుకున్నారు. అప్పటికి ఆ దీపం వచ్చి తొమ్మిదేళ్ళయింది, వూరికి అలవాటైపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు. రిటైరైన పంతులమ్మకి తప్ప. ఆవిడ గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అడుగుతుంది:

"బాబూ, ఆ కొండమీద దీపం ఎక్కడిది?"

అవును, అమ్మమ్మ డైలాగే! కాపీరైటు ఆవిడదే.

క్లైమాక్సు చెప్పేశాడు, ఇంక నవలెందుకు చదవాలి అనుకుంటున్నారా? అంత అమాయకుణ్ణి కాదు. అసలు వారసుడెవరో, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పలేదుగా! అది చస్తే చెప్పను.

మీ వూరూ తక్కువ కాదు

ఇది విశాఖకి మాత్రమే వున్న భాగ్యం అనుకోకండి. మీ వూళ్ళో మూతపడ్డ టూరింగ్ టాకీసు వుండదూ? పేరు మారిన స్టేషనో, ఎవరూ ఎక్కని మేడో, ఎందుకు కట్టారో తెలీని గోడో వుండదూ? ముందు దాని తారీఖు కనుక్కోండి. ఆ తర్వాత దాని పక్కన నివసించిన ముసలివాళ్ళ దగ్గర కూచోండి. పుస్తకాలూ చదవండి. మా జిల్లాకి 1869లో కార్మైకేల్ దొర రాసిన మాన్యువలూ, 1907లో ఫ్రాన్సిస్ దొర రాసిన గెజిటీరూ వున్నాయి. వూరివాళ్ళు ఎలా మాట్లాడతారో, కోర్టులో ఎంత అందంగా అబద్ధమాడతారో తెలియాలంటే రావిశాస్త్రి గారి కథలున్నాయి. ఆయన ఇక్కడే ప్లీడరీ చేశారు మరి! కానీ గెజిటీరు దీపం ఎప్పుడు పెట్టారో చెప్తుంది. దీపం లేని రాత్రి ఎలా వుండేదో చెప్పాలంటే అమ్మమ్మే కావాలి. ఇద్దరినీ అడగండి. ఇద్దరి మాటా కలవకపోతే సంతోషించండి, మీకో కథ దొరికినట్టే. ఒక్కటే తొందర: గెజిటీరు లైబ్రరీలో ఎన్నాళ్ళయినా వుంటుంది. అమ్మమ్మలు వుండరు.

ఆ భయంతోనే ఇప్పుడు రోజూ సాయంత్రం రాసింది రాసినట్టు పట్టుకెళ్ళి చదువుతున్నాను. మొన్న దీపం ఘట్టం కొత్తగా రాసి వినిపించాను. పంతులమ్మ ప్రశ్న అడిగిన చోట ఆగి, అమ్మమ్మ మొహంకేసి చూశాను. కళ్ళు మూసుకుని వింటోంది. పెదవి చివర చిన్న నవ్వు.

"బాగా పట్టీసింది" అంది. "మరి ఆ అరుగుమీద ఎవళైనా కూచున్నారేట్రా నీ కథలో?"

"లేదమ్మమ్మా. అరుగు ఖాళీగానే వుంచాను."

"అలాగే వుండనీ" అంది. కాసేపాగి, "తర్వాతేటయ్యింది?" అని అడిగింది.

ఇంకా రెండు అధ్యాయాలు మిగిలాయి. ఆవిడ అడుగుతూనే వుంది. మీతో కబుర్లు చాలించి రాసుకోవాలి. సెలవు!